గుట్టకు పోయే తోవలో భువనగిరి

(భువనగిరిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనుక నిలబడ్డ కాలేజీ పిల్లలకు అందరికీ నమస్కారం. బాబూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

ఈ రోజు శనివారం. మనం ఇక్కడ కూర్చున్న ఈ గంటలోనే ఊరి బయట బైపాస్ మీద కార్లు, బస్సులు వరుస కట్టి యాదగిరిగుట్టకు పోతున్నాయి. హైదరాబాదులో పొద్దుగాల బయలుదేరినవాళ్ళు దర్శనం చేసుకుని, పులిహోర తిని, మధ్యాహ్నం కునుకు తీసే వేళకు ఇల్లు చేరుకుంటారు. మన భువనగిరి ఖిల్లా వాళ్ళకు కారు అద్దంలోంచి కనబడుతుంది. పిల్లలు "అదేంది నాన్నా, అంత పెద్ద రాయి?" అని అడుగుతారు. తండ్రి జవాబు చెప్పేలోపు రాయగిరి వచ్చేస్తుంది.

వాళ్ళ భక్తిలో లోపముందని నేననను. సెలవు దొరకడమే కష్టమైన ఉద్యోగాలు వాళ్ళవి. కానీ వాళ్ళకూ మీకూ ఒక మాట చెప్పాలనే ఈ సభకు ఒప్పుకున్నాను. నరసింహస్వామి దర్శనానికి పోయేవాళ్ళు భువనగిరిలో దిగాలి. ఇక్కడ ఒక నిద్ర చేయాలి. మరునాడు గుట్టకు పోవాలి. వీలైతే ఆ పైన ఆలేరు మీదుగా కొలనుపాక దాకా సాగాలి. భువనగిరి, గుట్ట, కొలనుపాక, వీటి మధ్య ఉన్న చెల్కలు, చెరువులు, మగ్గాలు, ఇదంతా ఒకటే యాత్ర. అందులో ఒక్క ముక్క చూసి వెనక్కి పోతున్నారు.

మన తాతల తరం ఇట్లా పోలేదు. రైలు దిగి ఎడ్లబండి కట్టించుకున్నవాళ్ళున్నారు, కాలినడకన పోయినవాళ్ళున్నారు. రోగాలతో వచ్చినవాళ్ళు మండలం రోజులు గుట్ట మీదనే ఉండి పొద్దూమాపూ ప్రదక్షిణలు చేసేవాళ్ళు. స్వామి కలలో కనబడి వైద్యం చేస్తాడని నమ్మకం. అందుకే ఆయనను వైద్య నరసింహుడని కూడా కొలుస్తారు. ఆ మండలం రోజుల్లో భక్తుడికి చుట్టుపక్కల ఊళ్ళు తెలిసేవి, కూరగాయలు తెచ్చే అవ్వ తెలిసేది, ఏ బావిలో నీళ్ళు తియ్యగా ఉంటాయో తెలిసేది. ఇప్పుడు తెలిసేది పార్కింగు ఒక్కటే.

సరే, ముందు మన ఖిల్లా సంగతి.

ఇది ఒకే ఏకశిల. నేల మీద నుంచి దాదాపు 500 అడుగుల ఎత్తు. దక్షిణం దిక్కు నుంచి చూస్తే తాబేలు లాగా, పడమర నుంచి చూస్తే పడుకున్న ఏనుగు లాగా ఉంటుందని మనవాళ్ళు అంటారు. కల్యాణి చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుడు దీని మీద కోట కట్టించాడు. ఆయన పాలన 1076 నుంచి 1126 దాకా. త్రిభువనమల్లుడు ఆయన బిరుదు, ఊరికి ఆ పేరే వచ్చింది. తర్వాత కాకతీయులు, రేచర్ల పద్మనాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, ఆసఫ్‌జాహీలు ఒకరి తర్వాత ఒకరు ఈ రాయిని పట్టుకున్నారు. ఎందుకంత పంతం? గోల్కొండ నుంచి ఓరుగల్లుకు పోయే దారి ఈ రాయి కిందనే పోతుంది. పైన నిలబడ్డవాడికి ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో, వాళ్ళ వెనుక ఎంత దుమ్ము లేస్తున్నదో అన్నీ కనబడతాయి. ఈ రోజు బైపాస్ మీద పోతున్న కార్లు కూడా దాదాపు అదే దారిలో పోతున్నాయి.

ఎక్కేటప్పుడు తొందరపడకండి. కింద దర్వాజలు దాటినంతవరకు రాళ్ళు పేర్చి కట్టిన మెట్లు. ఆపైన రాయినే తొలిచిన మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు. ప్రవేశ ద్వారం దగ్గర ఆగి ఒకసారి తల పైకెత్తి చూడండి. కట్టిన గోడ ఎక్కడ ఆగిందో, దేవుడు పెట్టిన బండ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. బండను గోడగా వాడుకుని, సందు ఉన్నచోట మాత్రమే కట్టారు. దాడికి వచ్చిన సైన్యం ఇరుకు దారిలో ఒకరి వెనుక ఒకరుగా రావలసిందే. అట్లా వచ్చినవాళ్ళను ఆపడానికి పైన కొద్దిమంది చాలు.

పై నుంచి గోల్కొండకు సొరంగం ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. వచ్చిన ప్రతి పిల్లవాడూ ముందు అదే అడుగుతాడు. నేను మాత్రం వాళ్ళను నీటి గుండాల దగ్గరికి తీసుకుపోతాను. రాతి మీద పడ్డ వాన చుక్క పక్కకు పోకుండా, వాలును బట్టి నడిచి వచ్చి గుండాల్లో చేరేట్టు చేశారు. బావి తవ్వడానికి వీల్లేని బండ మీద వందల మంది నెలల తరబడి ముట్టడిని తట్టుకోవాలంటే తిండి కన్నా ముందు నీళ్ళు కావాలి. ఉమ్మడి నల్లగొండ జిల్లావాళ్ళకు నీళ్ళ విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన మనుషులను చూసిన నేల మనది. అందుకే ఈ గుండాల్లో జనం వేసిన ప్లాస్టిక్ సీసాలు చూసినప్పుడల్లా నా కడుపు రగులుతుంది. తొమ్మిది వందల ఏండ్ల కిందటి మనిషి ఒక్కో వాన చుక్కను లెక్కపెట్టుకుని దాచిన చోటు అది.

పైన బాలాహిస్సార్ కట్టడం దగ్గర నిలబడి చుట్టూ చూడండి. బోడి గుట్టలు, తాటి వనాలు, మధ్యమధ్య మెరిసే చెరువులు. ఈ బండనే బడిగా చేసుకుని రాళ్ళెక్కడం నేర్చుకున్న పిల్లలున్నారు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి శిక్షణ తీసుకున్నది ఇక్కడే. గురుకులంలో చదువుకునే పేద పిల్లలు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. మన ఊరి పిల్లల్లో ఎంతమంది ఈ బండను చివరిదాకా ఎక్కారో మీరే ఆలోచించండి.

కోట అంటే రాజులే అనుకోకండి. నాకు ఈ ఖిల్లా మీద అన్నిటికన్నా గట్టిగా గుర్తుకొచ్చే మనిషి సర్వాయి పాపన్న. కల్లు గీసే గౌడుల ఇంట పుట్టినవాడు, ఖిలాషాపురం వాడు. ఔరంగజేబు చివరి ఏండ్లలో, మొఘలుల పట్టు సడలుతున్న రోజుల్లో సొంత దండు కట్టాడు. 1708లో ఓరుగల్లు మీద, ఆ మరుసటి ఏడు భువనగిరి మీద పడ్డాడు. మొఘలుల పక్షాన చరిత్ర రాసిన ఖాఫీఖాన్ ఆయనను దోపిడీదొంగగా రాశాడు. మన పల్లెల్లో కథ చెప్పేవాళ్ళు వీరుడిగా పాడారు. దర్బారులో కూర్చున్నవాడికి దొంగగా కనబడ్డ మనిషి, తాటిచెట్టు కింద కూర్చున్నవాడికి తమ మనిషిగా కనబడ్డాడు. ఖాఫీఖాన్ రాసింది చదవవద్దని నేను అనను, చదవాలి. కానీ మూడు వందల ఏండ్లు పేదల నోట ఒక పేరు నిలిచిందంటే దానికి కారణం ఉంటుంది. ఖిల్లా మెట్ల మీద నిలబడి ఆ రెండు కథలూ పిల్లలకు చెప్పండి. ఏది ఎందుకు పుట్టిందో వాళ్ళే అడుగుతారు.

ఇక ఊరు. భువనగిరి పేరు చరిత్రలో ఇంకోసారి పెద్దగా వినబడింది 1944లో. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంఘమైన ఆంధ్ర మహాసభ పదకొండో సమావేశం ఈ ఊళ్ళో జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి, పక్కనున్న బొల్లేపల్లి ఆయన స్వగ్రామం. అప్పటిదాకా మహాసభ అంటే వకీళ్ళు, చదువుకున్నవాళ్ళు, కాస్త ఆస్తి ఉన్నవాళ్ళు. ఈ సభలో మితవాదులు, అతివాదులు విడిపోయారు. సభ్యత్వ రుసుము రూపాయి ఉన్నదాన్ని ఒక అణా, అంటే రూపాయిలో పదహారో వంతు చేశారు. చిన్న మార్పు కాదది. రూపాయి ఇవ్వలేని జీతగాడు అణా ఇచ్చి సంఘంలో చేరాడు. గ్రామగ్రామాన "సంఘం" పుట్టింది. వెట్టి చేయం అన్నారు, పాలు పోయం అన్నారు, పంట కొలవం అన్నారు జనం. "మేం చేయం" అన్న మాట అక్కడి నుంచి పైకి లేచింది. తర్వాత సాయుధ పోరాటం, పోలీసు చర్య, రక్తం, అన్నీ మీకు తెలుసు. 1952 ఎన్నికల్లో అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నిలబడి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని లోక్‌సభకు పోయాడు. ఆ సభ ఆనవాలు చెప్పే బోర్డు ఊరికి వచ్చిన యాత్రికుడి కంటబడే చోట ఉండాలి. ఇది నేను అడుగుతున్న మొదటి కోరిక, రాసుకోండి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక పోచంపల్లి పోయి రావచ్చు. గంటలోపు ప్రయాణం. చాలామంది చీరల కోసం పోతారు, పోనివ్వండి, కొననివ్వండి, నేతగాడి ఇంట పొయ్యి వెలగాలి. కానీ పోయినవాళ్ళు వినోబా మందిరం దగ్గర కూడా ఆగాలి. 1951 ఏప్రిల్‌లో గాంధీ శిష్యుడు వినోబా భావే, హైదరాబాదు పక్కనున్న శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వార్ధా దగ్గరి పవనార్ నుంచి నడుచుకుంటూ వచ్చాడు. అక్కడి నుంచి తెలంగాణ పల్లెల్లోకి నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితవాడకు పోయి మీకేం కావాలని అడిగితే, నలభై కుటుంబాలవాళ్ళు బతకడానికి 80 ఎకరాల భూమి కావాలన్నారు. సభలో ఆ సంగతి చెప్పగానే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడ పుట్టింది. ఆ మాట పట్టుకుని వినోబా ఇంకా పదమూడేండ్లు దేశమంతా నడిచాడు. భువనగిరి సభలో భూమి అడిగే గొంతు లేచింది 1944లో, దానికి పోచంపల్లిలో ఇంకో తీరు జవాబు వచ్చింది ఏడేండ్లకు. ఈ రెండు ఊళ్ళను వేర్వేరుగా చూస్తే రెండూ సగమే అర్థమవుతాయి. దానంగా వచ్చిన భూమిలో సాగుకు పనికొచ్చింది ఎంత, పేదల చేతిలో నిలిచింది ఎంత అనే చర్చ ఉండాల్సిందే. అయినా ఒక ఊళ్ళో నిండు సభలో అడగడం, ఇవ్వడం జరిగాయి, అది మన నేల మీద జరిగింది.

మగ్గాల ఇండ్లలోకి పోతే నేసే మనిషినే కాదు, నేతకు ముందు జరిగే పనిని చూడండి. పోచంపల్లి చీరలో రంగు, నేసిన తర్వాత వేసేది కాదు. నూలుకే ముందు లెక్క ప్రకారం ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. పోగు ఒక్కటి తప్పితే చీర మీద ఏనుగు తొండం పక్కకు పోతుంది. ఆ ముడులకు ముందు ఆసు పోయాలి. కొయ్యల మధ్య దారాన్ని అటూ ఇటూ చేత్తో తిప్పుతూ చుట్టాలి. ఒక చీరకు చేయి 9,000 సార్లు తిరగాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. ఈ పని ఆడవాళ్ళది. భుజాలు పడిపోయేవి, కండ్లు మసకబారేవి. ఆలేరు పక్క శారాజిపేటలో చింతకింది మల్లేశం అనే నేతింటి పిల్లవాడు తల్లి లక్ష్మమ్మ బాధ చూడలేక ఏండ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి లక్ష్మి ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టాడు. బడి చదువు మధ్యలోనే ఆగిన మనిషి. 2017లో పద్మశ్రీ వచ్చింది. గుట్టకు పోయే యాత్రికుడు శారాజిపేట పక్కనుంచే ఆలేరు పోతాడు. దేవుడి దర్శనానికి పోతూ ఒక కొడుకు తల్లికి చేసిన సేవ ఏ ఊళ్ళో జరిగిందో తెలుసుకుంటే ఆ దర్శనానికి ఇంకొంచెం నిండుతనం వస్తుందని నా నమ్మకం.

దక్షిణంగా వలిగొండ దిక్కు పోయేవాళ్ళకు మూసీ కనబడుతుంది. హైదరాబాదు మురుగు మోసుకుని వచ్చే మూసీ. కత్వల (చిన్న ఆనకట్టల) నుంచి కాలువల్లో పారి వరి పండిస్తుంది. పచ్చగా కనబడుతుంది, దగ్గరికి పోతే నురగ, వాసన. పక్కన వేములకొండ మీద మత్స్యగిరి స్వామి, గుండంలో నామాలున్న చేపలని భక్తులు చూపించుకుంటారు. పైన కోనేట్లో చేపను దేవుడిగా చూసేవాళ్ళం, కింద నదిలో చేప బతకలేని నీళ్ళు. పట్నం నుంచి వచ్చే యాత్రికుడు ఈ నది ఒడ్డున పది నిమిషాలు నిలబడాలి. తన ఇంటి మోరీ ఎక్కడికి పోతుందో అతనికి తెలియాలి.

ఇప్పుడు గుట్ట. మీకు కొత్తగా చెప్పేదేముంది? యాదమహర్షి తపస్సు, ఆంజనేయుడు క్షేత్రపాలకుడు, స్వామి జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీ నరసింహులుగా అయిదు రూపాల్లో వెలిశాడని స్థలపురాణం. నల్లరాతితో కొత్తగా కట్టిన గుడి 2022 మార్చి 28న తెరిచారు. అంత కట్టినా గర్భగుడి గుహను గుహగానే ఉంచారు. తల వంచి లోపలికి పోయి స్వామి ముందు నిలబడ్డప్పుడు ఈ గుట్టలన్నిటి లోపలి చల్లదనం తగులుతుంది. నేను చెప్పేది ఒకటే: దర్శనం కాగానే మెట్లు దిగి బండి వెతుక్కోకండి. గుట్ట చుట్టూ ప్రదక్షిణకు తిరగండి. పాత గుట్టకు పోండి. అక్కడ జనం తక్కువ, కూర్చోనిస్తారు. వానాకాలం పోయిన తర్వాతైతే తోవ పొడుగునా తంగేడు పూసి ఉంటుంది, గంపల్లో సీతాఫలాలు అమ్ముతుంటారు. బేరం ఎక్కువ ఆడకండి, ఆ పండు ఏరడానికి ఆమె ఏ తెల్లవారుజామున గుట్టెక్కిందో.

కొలనుపాక గురించి కొంచెం ఎక్కువ సేపు చెప్తాను, ఏమనుకోవద్దు. ఇక్కడున్న పిల్లల్లో సగం మంది ఆలేరు దాటి ఆ ఊరికి పోలేదని నాకు తెలుసు.

పాత శాసనాల్లో అది కొల్లిపాక. చాళుక్యుల కాలంలో కొల్లిపాక-7000 అనే పెద్ద నాడుకు ముఖ్యపట్టణం. తమిళ దేశంలో రాజేంద్ర చోళుడి ప్రశస్తిలో, ఆయన గెలిచిన చోట్ల వరుసలో కొల్లిపాక కోట పేరు ఉంది. తంజావూరు రాజు గొప్పగా చెప్పుకునేంత ఊరది. ఇప్పుడు చిన్న పల్లె. వాగు, వరి పొలాలు, బర్రెలు, వాటి మధ్య జైన దేవాలయం. మాణిక్యస్వామి అని పిలిచే ఆదినాథుడి నల్లని విగ్రహం, పక్కన పచ్చరాతి మహావీరుడు. గుజరాత్ నుంచి, రాజస్థాన్ నుంచి శ్వేతాంబర జైనులు కుటుంబాలతో వస్తారు. మనం ఏండ్ల తరబడి గుట్టకు పోతూ పక్కనే ఉన్న దీన్ని చూడం, వాళ్ళు వెయ్యి కిలోమీటర్ల నుంచి దీని కోసం వచ్చి గుట్టను చూడకుండా పోతారు.

జైన మందిరం నుంచి కొద్ది దూరం నడిస్తే సోమేశ్వరాలయం. వీరశైవులకు రేణుకాచార్యుడు లింగం నుంచి వెలసిన చోటు. గుడి ఆవరణలో పురావస్తు శాఖ పెట్టిన శిల్పాలు, శాసనాలు ఎండలో నిలబడి ఉన్నాయి. ఊళ్ళో కులానికొకటి చొప్పున కట్టుకున్న మఠాలు ఉన్నాయి, చాలావరకు శిథిలాలు. జైనుడు, శైవుడు, చాళుక్యరాజు, చోళరాజు, కాకతీయుడు, అందరూ ఒక వాగు ఒడ్డున. నరసింహస్వామి భక్తుడికి ఇక్కడ పనేముందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. కొండ మీద దేవుడికి దండం పెట్టినవాడు, ఆ కొండ చుట్టూ వెయ్యేండ్లుగా మనుషులు ఏ ఏ పేర్లతో దేవుణ్ణి వెతికారో చూడవద్దా?

మనవాళ్ళు చేయాల్సిన పని కూడా చెప్పాలి. ఖిల్లా కింద శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి, ముఖ్యంగా ఆడవాళ్ళకు. తాగే నీళ్ళు కావాలి. ఖిల్లా కథ తెలిసిన కుర్రవాళ్ళు పది మంది కావాలి. డిగ్రీ చదివే పిల్లలు ఆదివారాలు ఈ పని చేస్తే చేతికి నాలుగు రూపాయలు వస్తాయి, ఊరికి పేరు వస్తుంది. రోప్‌వే మాట కూడా వినబడుతున్నది. వస్తే ఎక్కలేనివాళ్ళకు మేలే. కానీ రోప్‌వే ఎక్కి పది నిమిషాల్లో పోయి వచ్చే జనం వల్ల ఊళ్ళో బతుకుతెరువు పెరగదు. ఒక రాత్రి ఉండే మనిషి వల్ల పెరుగుతుంది. టిఫిను బండికి, ఆటోకు, లాడ్జికి, మగ్గానికి నాలుగు పైసలు చేరేది అతని వల్లనే.

ఆ వెనుక నుంచి ఒక అక్క చేయెత్తారు. చెప్పండి అక్కా... గట్టిగా... సరే, అందరికీ వినబడేట్టు నేను చెప్తాను. వాళ్ళ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, ఖిల్లా ఎక్కలేరు, మరి ఇంత చెప్పి మాలాంటివాళ్ళు ఏం చేయాలని అడుగుతున్నారు.

మంచి ప్రశ్న. అమ్మగారిని ఖిల్లా ఎక్కించవద్దు. అక్కా, మీరు తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదరక ముందే దిగండి. బండ వేడెక్కిందంటే దిగడం కష్టం, వాన పడ్డ రోజు అసలు ఎక్కవద్దు, జారుతుంది. అప్పటిదాకా అమ్మగారు లాడ్జిలో విశ్రాంతి తీసుకుంటారు. తర్వాత పోచంపల్లిలో మగ్గాల ఇండ్లు చూడండి, అక్కడ ఎక్కేది లేదు, దిగేది లేదు. ఆసు పోసే అమ్మలతో మీ అమ్మగారు కూర్చుంటే మీకన్నా వాళ్ళకే మాటలు ఎక్కువ దొర్లుతాయి. గుట్ట పైకి బస్సులున్నాయి, మెట్ల దారి ఆమెకు అక్కరలేదు. శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు చూసుకోండి, క్యూలో నిలబడే బాధ తగ్గుతుంది. కొలనుపాకలో రెండు గుళ్ళూ చదును నేల మీదనే ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి కారు లేకపోతే ఆలేరులో సికింద్రాబాద్ రైలు ఎక్కవచ్చు. అన్ని బండ్లూ అక్కడ ఆగవు, కాబట్టి ముందురోజే స్టేషన్‌లో అడిగి సమయం రాసుకోండి.